సోలార్ హీటర్ బిగించారు సరే, బాగా బిగించారో లేదో ఎలా తెలుసుకోవాలి?

గుంటూరు, విజయవాడ ఎండల్లో నీళ్లు వేడెక్కడం గొప్పేం కాదు. మే నెల మధ్యాహ్నం డాబా మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే కుళాయి నీళ్లే కాళ్ల మీద పోసుకోలేం. కాబట్టి కొత్త సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకున్న సాయంత్రం మెకానిక్ కుళాయి తిప్పి "చూడండి సార్, పొగలొస్తున్నాయి" అంటే మురిసిపోయి మిగతా డబ్బు చేతిలో పెట్టేయకండి. ఆ పరీక్షలో ఫెయిలయ్యే హీటరు మన ఊళ్లో ఉండదు.

అసలు పరీక్ష తెల్లవారుజామున. పగలు పట్టిన వేడి రాత్రంతా నిలిచిందా? నిలిచిన వేడి బాత్రూం దాకా చేరిందా? కార్తీకంలో నాలుగున్నరకే లేచి తలస్నానం చేసే పెద్దవాళ్లున్న ఇంటికి ఈ రెండే ముఖ్యం. ఈ రెండూ హీటరు బ్రాండు కంటే బిగించిన చేతి మీదే ఎక్కువ ఆధారపడతాయి. బ్రాండు గురించి పది మందిని అడుగుతాం కానీ, ప్లంబరు ఎవరని ఒక్కరం అడగం.

ముందు డబ్బు సంగతి. బేరం కుదిరేటప్పుడే "పదో వంతు పది రోజులాగి ఇస్తాం" అని చెప్పేయండి. ముందే చెబితే అది ఒప్పందం, బిగించాక చెబితే గొడవ. బిల్లులో ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎండని పట్టే గాజు ట్యూబులెన్ని, లోపలి ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలా లేక గాజు పూత వేసిన ఇనుమా అన్నది రాయించండి. వారంటీ కార్డు మీది సీరియల్ నంబరూ ట్యాంకు స్టిక్కరు మీది నంబరూ ఒకటేనో కాదో చూసి ఫొటో తీసుకోండి.

డాబా మీద

మెకానిక్ ఉండగానే పైకి వెళ్లండి. ట్యూబులు దక్షిణం వైపు చూస్తూ ఉండాలి. ఫోనులో దిక్సూచి చూసుకోవచ్చు గానీ, ఇనప స్టాండుకి ఆనించి చూస్తే తప్పు చూపిస్తుంది. నాలుగడుగులు ఇవతల నిలబడి చూడండి. కాస్త ఆగ్నేయానికో నైరుతికో తిరిగి ఉన్నా పెద్దగా నష్టం లేదు.

దిక్కు కంటే నీడ ముఖ్యం. వేసవిలో బిగించుకున్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. మెట్ల గది పక్కనే స్టాండు పెట్టినా నీడ పడదు, "బ్రహ్మాండంగా ఉంది" అనిపిస్తుంది. అదే డిసెంబరు ఆఖరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. మూడు మీటర్ల ఎత్తున్న మెట్ల గది నీడ అప్పుడు ఉత్తరానికి రెండున్నర మీటర్ల దాకా సాగుతుంది. ఉదయం తొమ్మిదింటికైతే అదే నీడ వాయవ్యం వైపు ఐదు మీటర్లు ఉంటుంది. అంటే వేడి నీళ్లు అక్కర్లేని కాలంలో హీటరుకి పూర్తి ఎండ, కావాల్సిన కాలంలో సగం ఎండ. కాబట్టి దక్షిణంలో, ఆగ్నేయంలో ఏముందో చూడండి. మెట్ల గది, దాని నెత్తినున్న నీళ్ల ట్యాంకు, పక్కింటి కొబ్బరి చెట్టు, ఏదైనా సరే. దాని ఎత్తుకి రెండింతల దూరం ఉంటే నిశ్చింత. అంత చోటు లేకపోతే కనీసం ఎత్తుకి తక్కువ కాకుండా దూరం ఉండాలి. పక్క స్థలంలో అపార్ట్‌మెంటుకి పునాదులు తీస్తుంటే మాత్రం మనం చేయగలిగిందేమీ లేదు.

స్టాండు పట్టుకుని గట్టిగా ఊపండి. 200 లీటర్ల ట్యాంకంటే నీళ్లే రెండు క్వింటాళ్లు. కదలకూడదు, కిర్రుమనకూడదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మనది అలాంటి గాలులు వచ్చే ప్రాంతం. కాళ్లని ఊరికే స్లాబు మీద ఆనించి వదిలేయడం కుదరదు. స్లాబుకి డ్రిల్లు వేసి బోల్టులు బిగిస్తే ఆ కన్నాల చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోండి, లేదంటే వచ్చే వానాకాలం కింద గదిలో చెమ్మ దిగుతుంది. నన్నడిగితే కాళ్లని సిమెంటు దిమ్మల్లో పూడ్చి పోయించుకోవడమే మేలు. ట్యాంకు అడ్డంగా సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టంతో చూడండి.

ఇక ట్యూబులు. ఎన్నున్నాయో లెక్కపెట్టి బిల్లుతో సరిచూడండి. తర్వాత వంగి కింది కొసలు చూడండి. ప్రతి గాజు ట్యూబు అడుగున అద్దంలా మెరిసే వెండి రంగు పూత ఉంటుంది. ట్యూబు రెండు గాజు పొరల మధ్య గాలి తీసేసిన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ చెక్కుచెదరలేదనడానికి ఈ పూతే సాక్ష్యం. ఎక్కడైనా సన్నటి పగులు పడి గాలి లోపలికి పోతే వెండి రంగు పోయి పాలు ఒలికినట్టు తెల్లగా మారిపోతుంది. తెల్లకొస ట్యూబు ఒక్కటి కనిపించినా అప్పుడే మార్పించండి. కొన్ని స్టాండుల్లో కింద ప్లాస్టిక్ కప్పులు ఈ కొసని మూసేస్తాయి. ఒకటి రెండు తీసి చూపించమంటే మెకానిక్ విసుక్కుంటాడు, అయినా చూపించమనండి. ఎండలో ట్యూబు బయటి గాజుని వేలితో తాకి చూడడం ఇంకో పద్ధతి. లోపల నీళ్లు సలసలలాడుతున్నా బయటి గాజు కాస్త గోరువెచ్చగానే ఉంటుంది. మిగతావాటికి భిన్నంగా ఏ ట్యూబైనా చురుక్కుమంటే అది పోయినట్టే.

ట్యూబుల రకం కాకుండా నల్ల రేకు ప్యానెల్ రకం పెట్టించుకుంటే చూడాల్సింది వేరు. ట్యాంకు అడుగు భాగం ప్యానెల్ పై అంచు కంటే కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రిపూట నీళ్లు వెనక్కి తిరుగుతాయి. పగలు ప్యానెల్ ట్యాంకుకిచ్చిన వేడిని రాత్రి ట్యాంకు ప్యానెల్ ద్వారా ఆకాశానికి ఇచ్చేస్తుంది.

చన్నీళ్ల ట్యాంకు, వెంట్ పైపు

మన ఇళ్లలో పెట్టేవి ఎక్కువగా ప్రెషర్ లేని రకం. వాటికి చన్నీళ్లిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు, హీటరు ట్యాంకు నెత్తి కంటే పైన ఉండాలి. అలా లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకు సగానికి దిగగానే హీటరు నిండదు, కింద కుళాయిలో ధార సన్నబడుతుంది. ధార పెంచడానికి ప్రెషర్ పంపు తగిలిస్తామంటే ఒప్పుకోకండి. ఈ రకం ట్యాంకు ఆ ఒత్తిడికి చేసింది కాదు.

హీటరు ట్యాంకు మీద నిలువుగా లేచిన సన్నటి పైపే వెంట్. ఆవిరి బయటికి పోవడానికీ, నీళ్లు వాడుతుంటే గాలి లోపలికి రావడానికీ అదొక్కటే దారి. దాని కొస ఓవర్‌హెడ్ ట్యాంకు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం కంటే పైన ఉండాలి. మోటారు వేసి ట్యాంకు నిండేదాకా ఉంచి, వెంట్ కొస నుంచి చుక్కలు పడుతున్నాయేమో చూడండి. పడితే పైపు పొట్టిదన్నమాట. అప్పుడు కొందరు ప్లంబర్లు చేసే ఘనకార్యం దానికి మూత బిగించడం. మూత బిగిస్తే చుక్కలు ఆగుతాయి, కానీ ఆవిరి ఒత్తిడికి ట్యాంకు ఉబ్బి చీలిపోవచ్చు, లేదా నీళ్లు వాడేటప్పుడు గాలి అందక లోపలికి సొట్టపోవచ్చు. ఎత్తు పెంచమనండి, మూత మాత్రం వద్దు.

తెల్లవారుజాము పరీక్ష

దీనికి ఒక థర్మామీటరు కావాలి. జ్వరానిది పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వంటకి వాడే డిజిటల్ థర్మామీటరు తెచ్చుకోండి.

అన్నిటికంటే ముందు కరెంటు బ్యాకప్ స్విచ్ ఆపేయండి. ట్యాంకులో 2 కిలోవాట్ల ఎలిమెంటు ఉంటుంది, మబ్బు రోజుల కోసం. మెకానిక్ దాన్ని ఆన్‌లో వదిలేసి వెళ్లాడంటే పొద్దున్నే నీళ్లు అద్భుతంగా వేడిగా వస్తాయి, ఇంటిల్లిపాదీ సోలార్‌ని మెచ్చుకుంటారు, నెల తిరిగేసరికి కరెంటు బిల్లు నిజం చెబుతుంది. 100 లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు పెంచాలంటే సుమారు మూడున్నర యూనిట్లు. అది ఎండ చేయాల్సిన పని.

మబ్బు లేని రోజు సాయంత్రం ఆరింటికి, అప్పటిదాకా వేడి నీళ్లు ఎవరూ వాడకుండా చూసి, హీటరుకి దగ్గరగా ఉన్న కుళాయి తిప్పండి. పైపులో నిలిచిన నీళ్లు పోయి వేడి స్థిరపడ్డాక చెంబులో పట్టి కొలిచి రాసుకోండి. రాత్రంతా ఎవరూ వేడి కుళాయి ముట్టుకోకూడదు. తెల్లవారి ఐదింటికి అదే కుళాయి దగ్గర, అదే పద్ధతిలో మళ్లీ కొలవండి.

సాయంత్రం 60, పొద్దున 55 వచ్చిందంటే మంచి పనివాడు దొరికాడు. తేడా 10 దాటితే అడగండి. 15 దాటితే మిగతా డబ్బు ఇవ్వకండి. ఒక్క రోజు కొలతతో తేల్చేయకుండా రెండు మూడు రాత్రులు చూడండి, మబ్బు రోజుల్ని లెక్కలోంచి తీసేయండి.

వేడి ఎటు పోతోందో కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. సూర్యుడు దిగాక, ట్యాంకు పైరేకు చల్లబడ్డాక, అరచేత్తో ట్యాంకంతా నెమ్మదిగా తడమండి. రేకుకీ లోపలి ట్యాంకుకీ మధ్య వేడిని బయటికి పోనివ్వని పఫ్ నురగ నింపుతారు, రెండంగుళాలు ఉంటే మంచిది. అది సరిగ్గా నిండని చోట రేకు వెచ్చగా తగులుతుంది. అరచేతి వెడల్పు వెచ్చటి మచ్చ చేతికి తగిలిందంటే అది కంపెనీ లోపం, వారంటీలో మార్చాల్సిందే. ట్యాంకంతా చల్లగా ఉండి చన్నీళ్లు వచ్చే పైపు మాత్రం హీటరు దగ్గర బాగా వేడిగా ఉంటే, వేడి నీళ్లు వెనక్కి పాకుతున్నాయి. ఆ లైనులో నీళ్లని ఒక వైపుకే పోనిచ్చే ఎన్ఆర్‌వీ వాల్వు ఉందో లేదో అడగండి.

పొద్దున కొలత అయ్యాక, అదే ఊపులో బకెట్ల పరీక్ష కూడా చేసేయండి. నలుగురూ స్నానాలు చేసే వరుసలోనే బకెట్ తర్వాత బకెట్ వేడి నీళ్లు పట్టి, ప్రతిదాన్నీ కొలవండి. వేడి నీళ్లు తేలికగా ఉండి ట్యాంకు పైభాగంలో చేరతాయి, కొత్తగా వచ్చే చన్నీళ్లు అడుగున ఉంటాయి. అందువల్ల మంచి బిగింపులో సగం ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వేడి పెద్దగా మారదు, తర్వాత పడిపోతుంది. మొదటి బకెట్టు 55, రెండోది 49, మూడోది 44 అంటూ మొదటినుంచీ దిగజారుతుంటే చన్నీళ్లు పైకి చేరి కలిసిపోతున్నాయి. ఒక్కోసారి కారణం నవ్వొచ్చేంత చిన్నది. చన్నీళ్లు వెళ్లాల్సిన చోట వేడి లైనూ, వేడి లైను ఉండాల్సిన చోట చన్నీళ్లూ కలిపేసి ఉంటారు. ట్యాంకు మీది గుర్తులు చూస్తే తెలిసిపోతుంది.

పైన వేడి, కింద గోరువెచ్చన

వేడి లైను వేడిని తట్టుకునే సీపీవీసీ పైపుతోనే వేశారా చూడండి. లేత మీగడ రంగులో ఉంటుంది, పైపు మీద పేరు అచ్చు వేసి ఉంటుంది. మామూలు తెల్ల పీవీసీ వేడికి మెత్తబడి సాగిపోతుంది. పైపంతా నల్ల ఫోము గొట్టం తొడిగి ఉండాలి, మోచేతుల దగ్గర, వాల్వుల దగ్గర కూడా. వంపుల దగ్గర తొడగడం శ్రమ కాబట్టి వదిలేస్తారు. ఎండలో ఉన్న ఫోము మీద టేపో అల్యూమినియం రేకో చుట్టకపోతే అది రెండు మూడేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.

పొద్దున్నే వేడి నీళ్లు రావడానికి ముందు ఎన్ని చన్నీళ్లు వదలాల్సి వస్తోందో కొలతల చెంబుతో చూడండి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకి పావు లీటరు పైచిలుకు నీళ్లు పడతాయి. హీటరు నుంచి కుళాయికి 15 మీటర్లుంటే నాలుగైదు లీటర్లు పోవడం న్యాయమే. ఒక బకెట్టు నిండినా వేడి రాలేదంటే పైపు చుట్టూ తిరిగి వచ్చిందన్నా అనుకోవాలి, ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నాయన్నా అనుకోవాలి.

రెండోది మీరనుకునేదానికంటే మామూలు. బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లింట్లో హీటరు పెట్టాక డాబా మీద పైపు ముట్టుకుంటే కాలేది, కింద బాత్రూంలో నీళ్లు మాత్రం గోరువెచ్చగా వచ్చేవి. కంపెనీవాళ్లు వచ్చి ట్యూబులు మార్చి వెళ్లారు, ఫలితం లేదు. "దీనికంటే మా అమ్మ కాగే నయంరా" అని పిన్ని పొయ్యి మీదే నీళ్లు పెట్టుకునేది. తీరా చూస్తే పక్క బాత్రూంలో మిక్సరుకి హ్యాండ్ షవర్ తగిలించి ఉంది. మిక్సరు రెండు వైపులా తెరిచి ఉంచి, షవర్‌ని దాని చేతి మీటతోనే ఆపేవాళ్లు. చన్నీళ్లు ఆ మిక్సరులోంచి వేడి లైనులోకి దూరి, ఇంకో బాత్రూం కుళాయికి చేరుతున్నాయి. హీటరు తప్పేమీ లేదు.

ఇది మీ ఇంట్లో ఉందో లేదో తేల్చుకోవడానికి తేలిక మార్గం: ఉదయం పూట హీటరులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి, కింద ఒక వేడి కుళాయి తిప్పండి. ధార కాసేపట్లో సన్నబడి ఆగిపోవాలి. ఆగకుండా చన్నీళ్లు ధారగా వస్తూనే ఉంటే ఎక్కడో రెండు లైన్లూ కలిశాయి. మిక్సర్లన్నీ ఒక్కొక్కటిగా కట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. పరీక్ష అయ్యాక వాల్వు తెరవడం మర్చిపోకండి.

ఈ పరీక్ష ఉదయమే చేయమనడానికి కారణముంది. ఎండలో ఖాళీగా కాగిన ట్యూబుల్లోకి ఒక్కసారిగా చన్నీళ్లు పడితే గాజు ఠప్పున పగులుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ ట్యూబులు బిగించి అప్పుడే నీళ్లు వదులుతానంటే ఆపండి. సాయంత్రం దాకా ఆగమనండి, లేదా ట్యూబుల మీద గోనెపట్టాలు కప్పించి చల్లారాక నింపించండి. కార్పొరేషన్ నీళ్లు రాక, మోటారు ఆడక ట్యాంకు ఎండిపోయిన రోజు కూడా ఇదే నియమం.

కరెంటు విషయంలో రాజీ లేదు. బ్యాకప్ ఎలిమెంటుకి విడిగా 16 ఆంపియర్ల పాయింటు, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ స్విచ్ వేయనే వద్దు. ట్యాంకులో నీళ్లు లేనప్పుడు వేస్తే ఎలిమెంటు కాలిపోతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లకి ఇంకో మాట. సబ్బు సరిగ్గా నురగ రాని నీళ్లయితే, గిన్నెల మీద తెల్లటి మచ్చలు పడుతుంటే, అదే గార హీటరులోనూ పడుతుంది. అలాంటి నీళ్లకి ప్యానెల్ రకం కంటే ట్యూబుల రకమే మేలు. ప్యానెల్‌లోని సన్నటి రాగి గొట్టాలు పూడుకుపోతాయి. ట్యూబుల్లో గార అడుగున పేరుకుంటుంది, ఏడాదికోసారి తీసి కడగొచ్చు. గాజు పూత ట్యాంకైతే అందులో తుప్పుని తన మీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. దాన్ని ఎప్పుడు మారుస్తారో, ఎంత తీసుకుంటారో ఇప్పుడే బిల్లు వెనక రాయించుకోండి.

వేసవి మొదలయ్యాక ఈ హీటర్లు అవసరానికి మించి పనిచేస్తాయి. నీళ్లు 80 డిగ్రీలు దాటడం మామూలే, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. ఏప్రిల్ నుంచి సగం ట్యూబుల మీద పట్టా కప్పి కట్టేయండి, వానలు పడ్డాక తీసేయొచ్చు. బిగించిన నెల రోజులకి ఒకసారి, ఉదయం ఎండెక్కకముందే, ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తిప్పి నీళ్లు తేటపడేదాకా వదలండి. మొదటిసారి ఇసుక, పైపు కోసినప్పటి ప్లాస్టిక్ పొట్టు వస్తాయి. అప్పుడే ప్రతి ట్యూబు మెడ దగ్గర రబ్బరు రింగు కింద వేలు పెట్టి చూడండి. తడి తగిలినా, తెల్లటి ఉప్పు చార కనిపించినా ఫొటో తీసి బిగించినవాళ్లకి పంపండి.